అత్తగారి వెడల్పు

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. బావగారు పొద్దుటి బస్సుకి వస్తారు. కాఫీ తాగుతారు. ముందుగదిలో కుర్చీ వేసుకుని, కంప్యూటరు తెర మీద ఒక చిన్న వీడియో చూస్తారు. భోంచేసి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతారు. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని మెకానిక్కు గట్టి నమ్మకం. ఒకవేళ ఏదైనా చెడినా పక్కన తానున్నాడన్నది అంతకంటే గట్టి నమ్మకం.

మెకానిక్ అంటే టీవీ మెకానిక్. టీవీలకి వెనక బొజ్జ ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల వీధుల్లో ఎవరింట్లో బొమ్మ పోయినా ఆయన కోసమే మనిషి పరిగెత్తుకొచ్చేవాడు. తర్వాత టీవీలు పలకల్లా పలచబడ్డాయి. పాడైతే బాగు చేయించడం పోయి పారేయడం వచ్చింది. ఆయన దుకాణం తలుపులు వేసేశాడు. పిలుపు మాత్రం మిగిలింది. వీధిలో వాళ్ళకి ఇప్పటికీ ఆయన మెకానిక్ గారే.

వీడియో కథ ఆ దుకాణంతోనే మొదలైంది. తెరిచిన రోజున ఆయన స్నేహితుడొకడు, ఎవరో బాగుచేయమని ఇచ్చిన వీడియో కెమెరా పట్టుకొచ్చి, పనిచేస్తోందో లేదో చూద్దామని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. అందులో మెకానిక్ అత్తగారు పడ్డారు. స్టూలు మీద కూర్చుని ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతారు, టీ తాగుతారు, చేత్తో మూతి తుడుచుకుని లేచి వెళ్ళిపోతారు. అంతే. బతికినన్నాళ్ళూ ఆవిడ ఒక్క ఫొటో దిగలేదు. ఎవరు కెమెరా ఎత్తినా "నా మొహానికి ఫొటో కూడానా, పిల్లల్ని తియ్యండి" అని పక్కకి తప్పుకునేవారు. ఆవిడ ఆనవాలంటూ ఈ లోకంలో మిగిలింది ఆ టీ గుక్కలే.

క్యాసెట్లు ఆడించే పెట్టెలు పోయాక దాన్ని ఎవరూ చూడలేదు. ఈమధ్య ఒకరోజు బావగారు ఫోను చేసి చెల్లెలితో ఒక మాటన్నారు. "కళ్ళు మూసుకుంటే అమ్మ గొంతు వినిపిస్తోందే. మొహం మాత్రం రావట్లేదు. ఎంత తలుచుకున్నా రావట్లేదు." ఆ మాట విన్న దగ్గర్నుంచి మెకానిక్ భార్యకి కాలు నిలవలేదు. అటక మీది సామానంతా దింపి క్యాసెట్ వెతికింది. కూతురు దాన్ని ఎవరికో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించి తెచ్చింది. అన్నయ్య వచ్చాకే చూస్తానని భార్య తెర వైపు తొంగి కూడా చూడలేదు.

కూతురిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. చిన్న ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టి, దానికి కేబులుతో తగిలించిన పెద్ద తెర మీద రోజంతా భవనాల డ్రాయింగులు గీస్తుంది. ఆ రోజు పొద్దున్నే పన్ను చూపించుకోవడానికి వెళ్తూ తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టింది.

"నాన్నా, వీడియో తెరిచి ఉంచాను. ఈ మీట నొక్కితే ఆడుతుంది. అయిపోతే దానంతట అదే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకేం ముట్టుకోకు. భోజనాలయ్యాక నాకు మీటింగుంది. మా ఆఫీసు పెద్దాయనకి డ్రాయింగులు చూపించాలి."

"నేనెందుకు ముట్టుకుంటానే?"

"తెర మీద ఏ పెట్టె వచ్చి ఏం అడిగినా అవునని మాత్రం నొక్కకు. కిందటిసారి నువ్వు నొక్కితే సగం రోజు అది గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది."

"నొక్కను."

"ఒట్టు?"

"ఒట్టే. వెళ్ళవే, నోరు ఎక్కువ తెరిస్తే పన్ను లాగుతుంది."

ఆయన ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. ఆ రోజు జరిగిందంతా ఆ మాట నిలబెట్టుకోవడం వల్లే జరిగింది.

కూతురు వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి ఆయన మీట నొక్కాడు. బొమ్మ వచ్చింది. కాని తెరకి అటూ ఇటూ రెండు నల్లటి పట్టీలు, మధ్యలో ఇరుక్కుని దుకాణం, దుకాణంలో స్టూలు, స్టూలు మీద అత్తగారు. ఆయన ప్రాణం ఉసూరుమంది. తెర ఉన్నది దేనికి, బొమ్మ నిండుగా ఉండడానికి. ఆ రోజుల్లో అంచుల్లో ఇంత నలుపు కనిపిస్తే చాలు, ఇంటివాళ్ళు "ఏమయ్యా, సగం టీవీ మీ ఇంటికి పట్టుకెళ్ళావా?" అనేవాళ్ళు. పైగా బొమ్మలో సన్నగా వణుకు కూడా ఉంది. అది పాత క్యాసెట్ వణుకు. ఆయన మాత్రం తెర వణుకనుకున్నాడు.

బావగారు అంత దూరం నుంచి వచ్చి చూసేది ఈ సందులోంచా?

కూతురి భుజం మీంచి చూసి నేర్చుకున్న దారిలో ఆయన సెట్టింగుల్లోకి వెళ్ళాడు. అక్కడ ఆయనకి కావలసినవి రెండే వరసలు. ఒకటి రిజల్యూషన్, తెరని అడ్డంగా నిలువుగా ఎన్ని చుక్కలుగా కొయ్యాలో చెప్పేది. రెండోది రిఫ్రెష్ రేటు, సెకనుకి బొమ్మని ఎన్నిసార్లు గీయాలో చెప్పేది. పేర్లు కొత్తవే గాని సరుకు పాతదే. ఆయన కాలంలో ఇవి టీవీ వెనక చిన్న చిన్న బెజ్జాల్లో ఉండేవి. సన్న స్క్రూడ్రైవరు దూర్చి, వేళ్ళతో కాకుండా ఊపిరితో తిప్పాలన్నంత మెల్లగా తిప్పితే, సాగిపోయిన మనుషులు సర్దుకునేవారు, పరిగెత్తే బొమ్మ నిలబడేది. ఇప్పుడు స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. ఇంత సులువైన పనికి మనుషులు చదువుకుని ఉద్యోగాలెందుకు చేస్తున్నారో ఆయనకి అర్థం కాలేదు.

రిజల్యూషన్ వరసలో, అత్తగారి బొమ్మలాగే చదరానికి దగ్గరగా ఉన్న అంకెలు చూసి నొక్కాడు. తెర ఒక్కసారి నల్లబడి తెల్లవారింది. అంతే, అత్తగారు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా విచ్చుకున్నారు. నల్ల పట్టీలు మాయం.

"ఇదీ బొమ్మంటే!" అన్నాడు పైకే.

తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. దాని మీద అంకెలు ఒకటొకటిగా తగ్గుతున్నాయి. ఏదో ప్రకటన అయి ఉంటుంది. అవునని నొక్కనని ఒట్టు పెట్టాడు కదా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి తెర టప్పున నల్లబడి, పట్టీలు మళ్ళీ వచ్చేశాయి. అత్తగారు మళ్ళీ సందులో పడ్డారు.

"లూజ్ కాంటాక్ట్," అన్నాడు ఆయన. వైద్యుడు జ్వరం అన్నంత ధీమాగా అన్నాడు.

కేబులు ఊపాడు. తెర నెత్తి మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. మరీ గట్టిగా కాదు, పాత చుట్టాన్ని పలకరించినట్టు. ఆ దెబ్బకి లేచి కూర్చున్న టీవీలెన్నో ఆయనకే గుర్తులేదు. ఈ తెర లేవలేదు. దాంతో ఆయన చూపు రెండో వరస మీద పడింది. అక్కడ అరవై అని ఉంది. కింద డెబ్భై ఐదు కూడా ఉంది. బొమ్మని ఎక్కువసార్లు గీస్తే గట్టిగా నిలుస్తుంది గదా అనుకుని డెబ్భై ఐదు నొక్కాడు.

తెర చీకటైపోయింది. మామూలు చీకటి కాదు. మధ్యలో ఒక చిన్న ఎర్ర అక్షరాల ముక్క తేలుతూ, పరిధి దాటావని తిడుతున్న చీకటి. కేబులు పీకాడు, పెట్టాడు. ఒకటిచ్చాడు. ఇంకోటిచ్చాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బావగారు ప్రత్యక్షమయ్యారు. భుజాన సంచి, ఒక కాలికి చెప్పు, విడిచిన రెండో కాలు గడప మీద.

"ఏం బావా, బాగున్నా..."

తెర వెలిగింది.

"ఆగండి!" అని అరిచాడు మెకానిక్. "బావగారూ, మీకు దణ్ణం పెడతాను, అక్కడే ఆగండి! కదలకండి!"

బావగారు ఆ కాలంవారే. ఆ కేక వినడం ఆయనకి కొత్త కాదు. ఎందుకని అడగలేదు, గడప మీది కాలు గడప మీదే ఉంచి కొయ్యలా నిలబడ్డారు. వెనకటి రోజుల్లో ప్రతి ఇంట్లో ఇలా ఎవరో ఒకరు నిలబడేవారు. పిన్ని కిటికీ చువ్వ పట్టుకుంటే బొమ్మ వచ్చేది, వదిలితే పోయేది. దాంతో పిన్ని నాటకం అయ్యేదాకా చువ్వ పట్టుకునే ఉండేది, అన్నం కూడా ఎవరో కలిపి పెట్టేవారు. ఎవరూ దాన్ని వింతనుకోలేదు.

వంటింట్లోంచి భార్య పరిగెత్తుకొచ్చింది. "అదేంటన్నయ్యా, గుమ్మంలో నిలబడిపోయావ్? లోపలికి రా."

"రానివ్వట్లేదే మీ ఆయన."

"ఏవండీ, ఇంటికొచ్చిన మనిషిని..."

"ఆయన కాలు అక్కడ ఉంటేనే బొమ్మ నిలుస్తోంది," అన్నాడు మెకానిక్. "నువ్వూ అక్కడే ఉండు."

మెకానిక్ వీపు అడ్డు తీస్తే బావగారు నిలబడ్డ చోటి నుంచి తెర బాగానే కనిపిస్తుంది. దూరపు చూపు ఇంకా గట్టిది ఆయనకి. ఇదే అదననుకుని మెకానిక్ మళ్ళీ రిజల్యూషన్ మార్చాడు. అత్తగారు తెర నిండా విచ్చుకున్నారు. బావగారి భుజం మీది సంచి జారి గడప మీద పడింది.

"అమ్మ..." అన్నారాయన. "ఒసేయ్, అమ్మ! అదే మొహం. ఆ బుగ్గలు చూడవే!"

చూడడానికి భార్య తల తిప్పేలోపే పైవాటాలో గడగడమని చప్పుడు మొదలైంది. ఇంకో క్షణానికి తెర టప్పుమని నల్లబడి బొమ్మ మారిపోయింది. మెకానిక్ గబుక్కున మీట నొక్కి వీడియో ఆపి, తన వీపు తెరకి అడ్డం పెట్టేశాడు. పట్టీల మధ్య నలిగిన బొమ్మ బావగారికి చూపించడం ఆయనకి ఇష్టం లేదు.

"పోయిందా?" అన్నారు బావగారు, చేతిలోది జారిపోయినట్టు.

"పోలేదు, ఉంది. దొరికింది దొంగ," అంటూ మెకానిక్ పైకప్పు వైపు వేలు చూపించాడు. "కుట్టుమిషను మోటారు. మోటారు తిరిగితే బొమ్మ ఆగదు. అప్పుడు కూడా అంతే, ఎవరింట్లో మిక్సీ తిప్పినా మనింట్లో చారలు. వెళ్ళి టైలరమ్మని కాస్త ఆపమను. నువ్వు మెట్ల మీద ఉండి నాకు చెప్పు."

పైవాటాలో ఉండే టైలరమ్మ నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. మెట్ల మీంచి మాటలు ముందుగదిలోకి వరసగా దిగివచ్చాయి.

"ఆపితే కోటు ఎవరు కుడతారండీ? ఈయన రేపు వేసుకోవాలట!"

"ఒక్క క్షణం అమ్మా, మా అమ్మ బొమ్మ..."

"అయ్యో, అలా చెప్పరేం! ఆపాను, ఆపాను. చూసుకోమనండి."

"ఏవండీ, ఆపిందిట!" అని భార్య మెట్ల మీంచి కేక వేసింది. "వచ్చిందా?"

మెకానిక్ మౌస్ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగిపోయాడు.

ఆ గొంతు. ఆ ఒక్క మాట. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక డాబా మీద యాంటెన్నా గొట్టం పట్టుకుని తిప్పుతూంటే, కింద పక్కింటి కిటికీలోంచి ఒకమ్మాయి ఇదే గొంతుతో వంతెనలా నిలబడింది. టీవీ ముందు వాళ్ళు అన్నది తను విని పైకి అందించేది. "వచ్చింది... వచ్చింది... అయ్యో, పోయింది... ఇటు, ఇంకొంచెం ఇటు!" మనిషి కనపడేది కాదు. బొమ్మ మొదటి తిప్పుకే వచ్చింది, నిజానికి. ఆయన మాత్రం ఎండలో నిలబడి ఇటు తిప్పి, అటు తిప్పి, వచ్చిన బొమ్మని మళ్ళీ పోగొట్టి, ఆ పూటంతా ఆ గొంతు విన్నాడు.

"ఏవండీ! వచ్చిందా అంటే పలకరేం?"

"ఆ... చూస్తున్నా," అన్నాడు ఆయన.

గడప మీంచి బావగారు ముక్కు ఎగబీల్చారు. "ఆ రోజు కూడా ఇంతే. ఒక్క గొట్టం తిప్పడానికి పూటంతా పట్టింది నీకు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు."

"పని మీదా, మనిషి మీదా?"

"రెంటి మీదా."

మెకానిక్ బొమ్మ మార్చాడు. వచ్చింది. "వచ్చింది!" అని అరిచాడు. పైన టైలరమ్మ "వచ్చిందిటండీ!" అని తన దగ్గరున్న ఎవరికో అరిచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. చిన్న పెట్టె అంకెలు తగ్గించుకుంటూ పోయింది. టప్. పోయింది.

"ఎవరు కదిలారు?" అన్నాడు మెకానిక్.

ఎవరో ఒకరు కదలకుండా ఎలా ఉంటారు. బావగారు కాలు మార్చుకున్నానని ఒప్పుకున్నారు. భార్య జుట్టు సర్దుకున్నానంది. ఇంతలో కోటు కుట్టించుకుంటున్న పెద్దమనిషి, ఒక చెయ్యి ఉండి ఒక చెయ్యి లేని కోటుతో, ఒంటినిండా గుండుసూదులతో, విషయం ఏమిటో చూద్దామని మెట్లు దిగాడు. వెనకే మెడలో టేపుతో టైలరమ్మ. వాళ్ళిద్దరూ గదిలో అడుగు పెట్టిన క్షణాన మెకానిక్ మళ్ళీ నొక్కి ఉన్నాడు, అత్తగారు అప్పుడే విచ్చుకుని ఉన్నారు.

"అలాగే! అలాగే ఉండండి! మీరు రాగానే వచ్చింది!"

టైలరమ్మ చేతికి దగ్గర్లో ఉంది కదా అని కేబులు ఇచ్చి ఎత్తి పట్టుకోమన్నాడు. కోటాయన సూదులు గుచ్చుకుంటాయని రెండు చేతులూ బారజాపి నిలబడ్డాడు. మెకానిక్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. అటొక చెయ్యి, ఇటొక చెయ్యి, నడుమ నిలువుగా మనిషి.

"మీరు బాగున్నారు," అన్నాడు మెచ్చుకోలుగా. "కొంచెం కిటికీ వైపు తిరగండి."

"అయ్యా, నేను ఆఫీసుకి సెలవు పెట్టలేదు," అన్నాడు కోటాయన.

"మాట్లాడకండి, కదులుతోంది."

టప్. పోయింది.

తిప్పగలిగినన్ని వైపులకి కోటాయన్ని తిప్పారు. కిటికీ తలుపు తీశారు, వేశారు. ఫ్రిజ్ తీగ పీకారు. కేబులు చుట్ట చుట్టారు, విప్పారు, టైలరమ్మ దాన్ని మెడలో వేసుకుని కూడా చూసింది. ప్రతిసారీ బొమ్మ రావడం, "వచ్చింది" అని మెట్ల మీదికి కేక వెళ్ళడం, కాసేపటికి పోవడం, మెకానిక్ వీపు తెరకి అడ్డం పడడం, ఎవరు కదిలారని అందరూ అందర్నీ అనుమానంగా చూసుకోవడం. వచ్చిన కాసేపట్లో మళ్ళీ పోతుందన్న బెంగతో ఎవరూ బొమ్మని తిన్నగా చూడనేలేదు. బావగారు మాత్రం గడప మీంచి మెడ చాచి, ప్రతిసారీ ఆ కాస్త సేపూ రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. మెట్ల మీద నిలబడ్డ భార్యకి ఇంతవరకూ తల్లి మొహం కనిపించలేదు. ఆవిడ పని కేకలు అందించడం.

"ఏవండీ, నన్నూ చూడనిస్తారా లేదా? మా అమ్మండీ ఆవిడ!"

"నువ్వు మెట్లు దిగితే పోతుందే!"

"ఉండి మాత్రం ఏం లాభం?"

మెకానిక్ మౌస్ మీంచి చెయ్యి తీశాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. బావగారి బస్సు వేళ దగ్గరపడుతోంది. కూతురు వచ్చే వేళా అయింది. ఎన్ని వందల ఇళ్ళలో ఎవరెవరి బొమ్మలో తెచ్చి నిలబెట్టినవాడు, సొంత ఇంట్లో, సొంత భార్యకి, సొంత అత్తగారిని పట్టుమని ఒక నిమిషం నిలబెట్టలేకపోతున్నాడు. చేతులు అప్పుడే మొదటిసారి ముసలివైనట్టు అనిపించింది ఆయనకి.

కూతురు వచ్చేసరికి చెంప వాచి ఉంది, సగం మూతికి స్పర్శ లేదు. వీధి వైపు పైవాటా మెట్ల మీద తల్లి రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. గుమ్మంలో మేనమామ ఒంటికాలి మీద ఉన్నాడు. లోపల టైలరమ్మ కేబులు నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని ఉంది. ఎవరో తెలియని పెద్దమనిషి ఒంటి చేతి కోటు వేసుకుని కిటికీ వైపు చేతులు చాపి ఉన్నాడు. ఫ్రిజ్ తలుపు కింద నీళ్ళు కారుతున్నాయి. మధ్యలో తండ్రి మౌస్ పట్టుకుని పడవ నడిపేవాడిలా కూర్చున్నాడు.

"నాన్నా," అంది ఆమె సగం మూతితో. "ఏం చేశావ్?"

"అవునని మాత్రం నొక్కలేదు," అన్నాడు మెకానిక్.

అంతా విన్నాక ఆమె వాచిన చెంప పట్టుకుంది. తర్వాత నవ్వింది. మందు ప్రభావం వల్ల నవ్వు ఒక పక్కకే వచ్చింది.

"అది ప్రకటన కాదు నాన్నా. సెట్టింగు మారిస్తే, ఇలా ఉంచమంటావా అని అడుగుతుంది. పదిహేను సెకన్లలో ఉంచమని చెప్పకపోతే, నీకు బొమ్మ కనపడట్లేదేమో పాపం అనుకుని, దానంతట అదే పాత పద్ధతికి వెళ్ళిపోతుంది. డెబ్భై ఐదు పెట్టావు చూడు, ఈ తెర అంత మొయ్యలేదు, అందుకే చీకటి. అప్పుడూ అంతే, పదిహేను సెకన్లకి అదే వచ్చింది. మావయ్య కాలు వల్ల కాదు."

గదిలో అందరూ బావగారి కాలు వైపు చూశారు.

"అంటే నేను ఇప్పుడు లోపలికి రావచ్చా?" అన్నారు బావగారు.

"నేను చెయ్యి దించొచ్చా?" అన్నాడు కోటాయన.

"మరి నా మిషను?" అంది టైలరమ్మ. మిషను వల్ల కాదని తేలాక కూడా ఆవిడ పైకి వెళ్ళలేదు. ఇంత కష్టపడ్డాక ఆ బొమ్మేదో చూసే వెళ్తానని స్టూలు లాక్కుంది.

కూతురు అన్నీ సరైన అంకెల్లో పెట్టింది. మెట్ల మీంచి దిగి వచ్చిన తల్లిని తెర ఎదురుగా కూర్చోబెట్టి మీట నొక్కింది. రెండు నల్ల పట్టీల మధ్య అత్తగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. బొద్దుగా విచ్చుకుని కాదు. సన్నగా, మెడ ఎముకలు తేలి, ఎలా ఉండేవారో అలా.

"అమ్మ," అంది మెకానిక్ భార్య. కళ్ళు ఆమెకు తెలియకుండానే నిండాయి. "అదే నవ్వు. అదే గ్లాసు పట్టుకోవడం. చూడన్నయ్యా!"

బావగారు కుర్చీలో ముందుకి వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది కాదు," అన్నారు.

"ఏది కాదు?"

"అమ్మ ఇది కాదు. ఇందాకటిది అమ్మ. ఆ బుగ్గలున్నావిడ. ఇదెవరో చిక్కిపోయి ఉంది."

"అదేంటన్నయ్యా! అమ్మ ఎప్పుడూ ఇంతేగా. గాలేస్తే కొట్టుకుపోతుందని నవ్వేవాళ్ళం కాదూ?"

"మావయ్యా, ఇందాకటిది తప్పు రిజల్యూషన్," అంది కూతురు. "బొమ్మ అడ్డంగా సాగిపోయింది అందులో."

"సాగితే సాగనీవే," అన్నారు బావగారు. చెల్లెలి వైపు తిరిగారు. "నువ్వు మా అందర్లో ఆఖరిదానివి. నీకేం తెలుసు? నువ్వు పుట్టేసరికే మేమంతా కలిసి ఆవిడని తినేశాం. నా చిన్నప్పుడు అమ్మ చేతులు ఇలా ఉండేవి, ఇంతలేసి. ఆ చేతి మీద తల పెట్టుకుంటే దిండు అక్కర్లేదు. తర్వాత చిక్కిపోయిన మొహం నేను చూడలేదా, చూశాను. కళ్ళు మూసుకుంటే రావలసింది మాత్రం ఆ మొహం కాదు. ఇన్నాళ్ళూ రానిది ఇందాకటి మొహం."

"మా అమ్మ మాత్రం ఇదే," అంది చెల్లెలు మొండిగా. "ఆ బొద్దావిడెవరో నాకు తెలీదు."

"బొద్దావిడా? నోరు మూసుకో. కన్నతల్లిని పట్టుకుని!"

అన్నాచెల్లెళ్ళు తెర ముందు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. తెర మీద అత్తగారు, తన గురించే తగువని తెలియక, టీ తాగి మూతి తుడుచుకుని లేచి వెళ్ళిపోయి, మళ్ళీ మొదటికొచ్చి కూర్చున్నారు. కోటాయన గొంతు సవరించుకుని, రెండూ బాగానే ఉన్నాయని చెప్పబోయాడు. టైలరమ్మ మోచేత్తో పొడిచింది. సూది ఆవిడకే గుచ్చుకుంది.

మెకానిక్ లేచాడు. కూతుర్ని కుర్చీలోంచి లేపి తను కూర్చున్నాడు. పొద్దుట్నుంచి చేతికి అలవాటైపోయిన దారిలో సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆ తప్పు అంకెల మీదే నొక్కాడు.

అత్తగారు తెర నిండా విచ్చుకున్నారు. గుండ్రటి బుగ్గలు, నిండు చేతులు. బావగారు ముందుకి వంగారు. చిన్న పెట్టె వచ్చింది. కూతురి చెయ్యి అలవాటుగా దాని వైపు వెళ్ళబోతే మెకానిక్ పట్టుకున్నాడు. పెట్టెని తెర అంచుకి జరిపి ఊరుకున్నాడు. అంకెలు తగ్గాయి. టప్. అత్తగారు సన్నబడ్డారు. ఈసారి చెల్లెలు ముందుకి వంగింది.

మళ్ళీ నొక్కాడు. పదిహేను సెకన్లు అన్నగారి అమ్మ. ఆ తర్వాత చెల్లెలి అమ్మ. నవ్వు మాత్రం ఒకటే, దాన్ని ఏ సెట్టింగూ మార్చలేకపోయింది. మొదట్లో ఎవరి వంతు వాళ్ళు చూసుకున్నారు. కాసేపటికి ఇద్దరూ రెండూ చూడసాగారు. ఆ మారే క్షణం, నిండుగా ఉన్నావిడ కళ్ళ ముందే చిక్కిపోయే క్షణం వచ్చేసరికి బావగారు "మెల్లగా, మెల్లగా" అని గొణిగేవారు, చెబితే వినే సంగతైనట్టు. ఒకసారి అలా మారినప్పుడు చెల్లెలు చెయ్యి చాపి అన్నగారి మోచెయ్యి పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు.

మెకానిక్ నొక్కుతూనే ఉన్నాడు. జీవితమంతా బొమ్మ కుదురుగా నిలబెట్టడమే పనిగా బతికినవాడు. ఇప్పుడు కావాలని తప్పు చేస్తూ, అది పోతే మళ్ళీ అదే తప్పు చేస్తూ కూర్చున్నాడు. డాబా మీద గొట్టం తిప్పిన రోజు తర్వాత చేతిపని ఇంత హాయిగా అనిపించడం ఇదే.

బస్సు వెళ్ళిపోయింది. ఎవరూ తలవలేదు. టైలరమ్మ కళ్ళు ఒత్తుకుంటూ పైకి వెళ్ళింది. ఆవిడ వెనక కోటాయన చేతులు బారజాపుకునే మెట్లెక్కాడు. దించుకోవచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు. భోజనాలు ఆ గదిలోనే, తెర ముందే, ఒళ్ళో పళ్ళేలతో అయ్యాయి. మెకానిక్ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మౌస్ దగ్గర బావగారొక్కరే ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి, దేన్నో చూస్తున్న మనిషిలా చిరునవ్వుతో ఉన్నారు.

"వచ్చిందా?" అని అడిగాడు మెకానిక్, మెల్లగా.

"వచ్చింది," అన్నారు బావగారు, కళ్ళు తెరవకుండా.

కూతురు వచ్చి అందర్నీ గదిలోంచి తరిమి, వీడియో మూసి, హడావిడిగా మీటింగులోకి దూరింది. తెర నిండా ఆమె పెద్దాయన ప్రత్యక్షమయ్యాడు. ఆ సన్నపాటి, చిరాకు మొహపు మనిషికి బుగ్గలు వచ్చేశాయి, నిండు చేతులు వచ్చేశాయి. ఆమె గీసిన భవనాలన్నీ చతికిలబడి కూర్చున్నాయి. ఉంచమని ఎవరు నొక్కారని ఆమె తర్వాత ఎంత అడిగినా, ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఆ రోజు పెద్దాయన ఎంత విసుక్కున్నా ఆమెకు కోపం రాలేదట. అంత గుండ్రటి బుగ్గలున్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం కష్టం.